పెద్దరసానికి హిందీ

మా మామిడి వెబ్‌సైటులో పెద్దరసం అనే రకాన్ని హిందీలో "బడా రస్", అంటే పెద్ద జ్యూసు, అని పెట్టింది హిందీ మేడమ్ గారు కాదు. నేను. తిరువూరులో ఇప్పటికీ కొందరు ఆ మాట చెప్పుకుని ఆవిడను తలుచుకు నవ్వుతున్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాది బస్టాండు దగ్గర కంప్యూటర్ షాపు. రెడ్డిగూడెం వైపు మామిడి రైతులు కొందరు కలిసి, నాగపూర్ వ్యాపారులతో నేరుగా మాట్లాడుకోవడానికి తెలుగు, ఇంగ్లీషు, హిందీల్లో సైటు చేసిపెట్టమన్నారు. హిందీ పేజీలు, నాకు బళ్ళో హిందీ చెప్పిన మేడమ్ రాస్తానన్నారు. ఆవిడ రిటైరై ఇంటి దగ్గర ట్యూషను చెబుతున్నారు. షరతు ఒక్కటే పెట్టారు: ముందు తోటలు తిప్పి, ఏ కాయ ఏదో చూపించాలి. కోతలు దగ్గర పడుతున్నాయి. ఆవిణ్ణి ఎండలో తిప్పే ఓపిక నాకు లేకపోయింది. తెలుగు పేజీని ఫోనులో అనువాదం చేసే యాప్‌కు ఇచ్చి, వచ్చింది వచ్చినట్టు ఎక్కించేశాను. మేడమ్‌కు చెప్పలేదు.

మొదటి ఫోను చేసిన వ్యాపారి, రసం సీసాల్లో పంపుతారా డబ్బాల్లోనా అని అడిగాడట. ఇంకొకాయన కొబ్బరి మామిడి చూసి కొబ్బరికాయల ధర అడిగాడు. రైతులు షాపుకొచ్చి హిందీ ఎవరు రాశారన్నారు. నేను నోరు తెరిచేలోపే వాళ్ళలో పెద్దాయన, "ఇంకెవరు, మేడమ్ గారే. వయసైపోయింది కదా, పాపం" అన్నాడు.

నేను ప్రింటరు వైపు తిరిగి కాగితాలు సర్దుకున్నాను.

ఆ తర్వాత ఆదివారం చర్చి దగ్గర ఎవరో "మేడమ్, ఒక పెద్ద జ్యూసు" అన్నారని, ఆవిడ నవ్వేసి వెళ్ళిపోయారని మా ఆవిడ చెప్పింది. ట్యూషనుకు పిల్లలు తగ్గారని కూడా చెప్పింది. అప్పుడు గాని నాకు బుద్ధి రాలేదు.

సైటు మొదటి పేజీలో పెట్టడానికి రెండు వాక్యాలు రాసుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. "అనువాదంలో పొరపాటు జరిగింది. దానికి మేడమ్ గారు బాధ్యులు కారు." ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివారు.

"ఎవరు చేశారు?"

"నేనేనండి, మేడమ్."

"మరి ఇందులో నువ్వెక్కడ? జరగడానికి అదేమన్నా పెళ్ళా?"

నాకు బడి గుర్తొచ్చింది. హిందీలో జరిగిపోయిన పని చెప్పేటప్పుడు, చేసినవాడి పక్కన 'నే' చేర్చాలి. బళ్ళో మేమంతా అదే మర్చిపోయేవాళ్ళం. 'నే' ఎవరు తిన్నార్రా అంటూ దిద్దేవారు.

"అప్పుడు హిందీలో 'నే' తినేసేవాడివి. ఇప్పుడు తెలుగులో 'నేను' తినేశావు" అన్నారు. కోపంగా కాదు. కాగితం తిప్పి "మైనే గలతీ కీ" అని హిందీలో రాసిచ్చారు. కింద తెలుగులో నన్నే రాయమన్నారు. "ఈ పొరపాటు నేను చేశాను" అని రాశాను.

ఆ రెండు భాషల్లోనూ, ఇంగ్లీషులోనూ అది ఇప్పటికీ సైటులో ఉంది. చదివిన పెద్దాయన తన మనవరాలిని ట్యూషనుకు తనే తీసుకెళ్ళి దింపాడు.

తర్వాత మేడమ్‌ను తోటలకు తీసుకెళ్ళాను. "పేరుకు అనువాదమేంటయ్యా? పేరు పేరులాగే ఉంచు, రుచి పక్కన చెప్పు" అన్నారు. పెద్దరసం హిందీ అక్షరాల్లోనూ పెద్దరసమే అయింది. పక్కన, మెత్తగా పిసికి ముచ్చిక తీసి జుర్రుకునే పండు అని రాశారు.

మొన్న పెద్దాయన షాపులో ఉండగా ఆయనకు నాగపూర్ నుంచి ఫోను వచ్చింది. భాష రాక నాకిచ్చాడు. అవతలి మనిషి "పెద్దా రసమ్" అని సాగదీస్తూ అడుగుతున్నాడు. సరుకు మాటలయ్యాక, ఇంత చక్కటి హిందీ మీ ఊళ్ళో ఎవరు రాశారన్నాడు.

"హమారీ మేడమ్ నే" అన్నాను. 'నే' మర్చిపోలేదు.