అత్త మొక్కిన జడ

జర్మనీకి పోయేముందు నెలన్నర రోజులు మా ఇంట్లో ఊరికే కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం అనే పని నాకు అంతవరకు తెలియదు. నర్సు ఉద్యోగంలో చేరినప్పటి నుంచి డ్యూటీ, నిద్ర, మళ్ళీ డ్యూటీ. పెళ్ళయ్యాక వాటి మధ్యలో వంట కూడా చేరింది. తిరుపతిలో నేను పనిచేసే ఆసుపత్రికి రాజీనామా ఇచ్చేశాను. వీసా చేతికొచ్చింది. అక్కడ చేరాల్సిన రోజు మాత్రం ఇంకా దూరంగా ఉంది.

రెండేళ్ళ ఒప్పందం అది. అప్పులు తీర్చడానికి పోలేదు, ఎవరి బలవంతం మీదా పోలేదు. పరాయి దేశంలో వార్డు ఎట్లా నడుస్తుందో చూడాలని, నా చేతిపని అక్కడ చెల్లుతుందో లేదో తేల్చుకోవాలని నాకే కోరిక. మా ఆయన "పోయిరా, రెండేళ్ళే గదా" అన్నాడు. ఆయనది మోటార్లకు వైండింగ్ చేసే అంగడి. ఎండాకాలంలో ఊరి బోర్లన్నీ కాలిపోయి ఆయన ముందుకొచ్చి పడతాయి, తల గోక్కునే తీరిక ఉండదు. ఆ మాట ఎంత ఆలోచించి అన్నాడో నాకిప్పటికీ అనుమానమే.

ఇంట్లో మేము ముగ్గురం. ఆయన, నేను, మా అత్త. మాకు పిల్లలు కలగలేదు. అత్తకు కూతుళ్ళు లేరు. ఆమె పుట్టింది సత్యవేడు దగ్గర, తమిళనాడు అంచున ఉన్న పల్లెలో, అందుకని కోపం వస్తే అరవం, సంతోషం వస్తే తెలుగు మాట్లాడుతుంది. నా నోరు కూడా తక్కువదేం కాదు. మా ఇద్దరి మాటలూ విన్న పక్కింటివాళ్ళు కొత్తలో పోట్లాట అనుకునేవాళ్ళు. తర్వాత అలవాటు పడిపోయారు.

ఆ నెలన్నరలో నాకు దొరికిన గొప్ప భోగం మధ్యాహ్నాలు. సంగటి, రోట్లో నూరిన ఊరిబిండి పచ్చడి తిని, ఆమీద ఒక బేనీషా మామిడిపండు కోసుకుని, చేతులు కడుక్కుని వాకిట్లోకి వస్తే అత్త గడప మీద కూర్చుని ఉండేది. పక్కన కొబ్బరినూనె గిన్నె, రెండు దువ్వెనలు. నేను ఆమె ముందు నేలమీద చతికిలబడేదాన్ని. నా జడ నడుము దాటి ఉండేది. అన్నేళ్ళూ దాన్ని ముడేసి, పిన్నులు గుచ్చి, టోపీ కింద తోసెయ్యడమే తప్ప దాని ముఖం చూసింది లేదు. అత్త మాత్రం పాయ పాయ విడదీసి, చిక్కు తీసి, నూనె పట్టించి, తీరుబడిగా అల్లేది. కొసన కనకాంబరాలు, మరువం కలిపి కట్టిన దండ పెట్టేది.

"పేలు లేవు, సుండు లేదు. ఇట్టాంటి తల ఆ జర్మనీవోళ్ళు సూసుండరు" అనేది.

"వాళ్ళకు నా తల ఎందుకత్తా, నా చేతులు కావాల గానీ."

"సేతులు అందరికీ ఉండాయి, పోవే."

అట్లా మాట్లాడుతూనే తన చిన్నప్పటి సంగతులు చెప్పేది. వాళ్ళమ్మ మొగలిరేకులు పెట్టి జడ అల్లితే తలనొప్పి వచ్చేదట. ఆ తలనొప్పి కూడా బాగుండేదట. పన్నెండేళ్ళు ఒకే ఇంట్లో కాపురం చేసి ఆమె బాల్యం గురించి ఒక్క ముక్క వినని కోడలిని నేను. ఆ మధ్యాహ్నాలు లేకపోతే విననే విననేమో. దేశం వదిలిపోతున్నానన్న వంకతో నాకు ఇల్లు దొరికింది. అది తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది.

అట్లాంటి ఒక మధ్యాహ్నం, జడ సగం అల్లి, "వచ్చే శుక్రారం కొండకు పోదామే" అంది అత్త.

కొండ కింద ఉండేవాళ్ళం కొండెక్కేది ఇంటికి చుట్టాలొచ్చినప్పుడే. "ఎవరొస్తున్నారు?" అన్నాను.

"ఎవురూ రాలా. మొక్కుండాది."

"ఏం మొక్కు?"

"నువ్వు మూడోతూరి పరీచ్చకు మద్రాసు పోతివి గదా. ఆ పొద్దు మిద్దెమింద వొడియాలు పెడతా కొండతట్టు తిరిగి మొక్కుకున్నా. ఈసారన్నా పాసైతే తలనీలాలు ఇస్తామని."

జర్మన్ భాష పరీక్షలో నేను రెండుసార్లు తప్పిన మాట నిజం. రాతలో కాదు, మాటల్లో. ఇంత నోరున్న దాన్ని పరీక్షలో నోరు పెగలక తప్పానంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఇంట్లో నేను పాఠాలు వల్లిస్తుంటే అత్త కూడా వచ్చి కూర్చునేది, అర్థం కాకపోయినా "ఊ" కొట్టేది. మూడోసారి గట్టెక్కాను. దాని వెనక ఇంత కథ ఉందని నాకు తెలియదు.

"మంచిదే అత్తా. ఇంతకీ ఎవరివి ఇస్తావు, నీవా, నీ కొడుకువా?"

"నీయి."

సగం జడతోనే లేచి నిలబడ్డాను. "మొక్కుకునింది నువ్వు, గుండు నాకా? ఇదెక్కడి న్యాయం?"

"పిలకాయలకు తల్లులు మొక్కరా?"

"నేనేమన్నా పిలకాయనా?"

"నాకు గాదా?" అంది, చేతిలో దువ్వెన అట్లాగే పట్టుకుని.

ఆ మాటకు నేను మెత్తబడి ఉండాల్సింది. మెత్తబడలేదు. లోపలికి పోయి పాస్‌పోర్టు తెచ్చి వీసా మీది ఫోటో చూపించాను. రెండు పక్కలా బిగించి దువ్విన నల్లటి తల, నాదే. "ఈ ముఖానికీ గుండుకీ పొంతన ఉందా? విమానం ఎక్కనిస్తారా?" అన్నాను. కోపం కొంత ఫోటో గురించి, ఎక్కువ జుట్టు గురించి. నాకు నా జడంటే ఇష్టం. కొత్త దేశంలో, కొత్త వార్డులో, ముక్కూముఖం తెలియనివాళ్ళ మధ్యకు గుండుతో పోవాలంటే సిగ్గు. ఆ సంగతి పైకి చెప్పకుండా ఫోటోను అడ్డం పెట్టుకున్నాను.

బెంగుళూరులో ఉండే, నన్ను జర్మనీకి పంపుతున్న ఏజెన్సీకి ఫోన్ కూడా చేశాను. అక్కడి అమ్మాయికి మొక్కంటే ఏమిటో తెలిసినట్టు లేదు. "మేడమ్, చేరేదాకా ఫోటోలో ఉన్నట్టే ఉండండి. తర్వాత ఏదైనా అయితే మమ్మల్ని అడగొద్దు" అంది. ఆ మాట స్పీకర్లో పెట్టి అత్తకు వినిపించాను. గెలిచాననుకున్నాను.

సాయంత్రం మా ఆయన వచ్చాక పంచాయితీ పెట్టాం. ఆయన కాళ్ళు కడుక్కుంటూనే తీర్పు చెప్పేశాడు. "ముత్తైదువలు మూడు కత్తెరలు ఇస్తారు గదమ్మా. కొసన మూడు సార్లు కత్తిరించి ఇచ్చేస్తే సరిపాయె. మొక్కూ తీరుతాది, ఫోటోకూ ఇబ్బంది ఉండదు." పామూ చావదు, కట్టే విరగదు. నాకు ప్రాణం లేచొచ్చింది. అత్త "సరే" అంది. ఆమె ఒక్క మాటతో ఊరుకునే మనిషి కాదు.

మరునాడు మధ్యాహ్నం నూనెగిన్నె నేనే తెచ్చుకుని గడప ముందు కూర్చున్నాను. అత్త రాలేదు. పెరట్లో కొత్త చింతపండుకు గింజలు తీస్తూ ఉంది.

"అత్తా, జడ."

"నువ్వే దువ్వుకో."

"అలిగినావా?"

"అలిగేదానికేముండాది. మొక్కినాక అది సామి సొత్తు. రోజూ దువ్వి, పూలు పెట్టి నేను మురుస్తా కూసుంటే ఇచ్చినట్టు యాడవుతాది? ఇన్నాళ్ళూ దువ్విందే తప్పు. ఆశ సంపుకోలేకపోయినా."

అత్త బెట్టు నాకు కొత్త కాదు, రెండు రోజుల్లో దిగుతుందనుకున్నాను. దిగలేదు. అన్నం పెట్టేది, మాట్లాడేది, నా పెట్టెలో పెట్టాల్సిన కారంపొడులు దంచించేది. మధ్యాహ్నం మాత్రం గడప మీద కూర్చోదు. నేను బజారుకు పోయి స్వెట్టర్లు కొన్నాను, చక్రాల పెట్టె కొన్నాను. ఏవీ రుచించలేదు. ఇంట్లో మిగిలిన రోజులు కరిగిపోతున్నాయి, వాటిలో నాకు కావలసిన గంట మాత్రం లేకుండా పోయింది. నా జడ నేను అల్లుకుంటే వంకరగా వచ్చేది. విప్పి ముడేసుకునేదాన్ని.

కొండకు పోవాల్సిన శుక్రవారం దగ్గర పడింది. ఉండబట్టలేక పెరట్లోకి పోయి ఆమె ఎదురుగా కూర్చున్నాను. "అంతగా మొక్కాలంటే నీ తల మొక్కుకోవచ్చు గదా అత్తా" అన్నాను. ఎత్తిపొడుపుగానే అన్నాను.

ఆమెకు కోపం రాలేదు. కొంగు తీసి తల చూపించింది. "ఇందులో ఏముండాదే? నాలుగు నెరిసిన ఎంటికలు. ఉంటే ఎంత, పోతే ఎంత. పోయినా బాదలేనిదాన్ని ఇస్తే ఆయనకు తెలీదా? నువ్వు రెండుతూర్లు ఏడ్సుకుంటా వచ్చింటివి మద్రాసు నుంచి. మూడోతూరి అట్ల రాగూడదని, నాకు ఇష్టమైంది ఇంట్లో ఏముండాదా అని ఎతికినా. అదొకటే కనపడె."

చింతగింజ ఒకటి తీసి పక్కన పడేసింది. "కూతురుంటే దానికి అల్లుకుందును. మనవరాలుంటే దానికి. ఈ ఇంట్లో ఉండేది నీ తలకాయొకటేగదా" అని మళ్ళీ పనిలో పడింది.

నేను టోపీ కింద తోసేసిన జడను ఈ మనిషి అన్నేళ్ళూ దూరం నుంచి చూసుకుంటూ ఉందని, తీరిక దొరికి నేను ఆమె ముందు కూర్చున్నాక గదా చేతికి అందిందని, అప్పటికే దాన్ని సామికి మొక్కేసి ఉందని ఒక్కసారిగా అర్థమైంది. ఆమె మొక్కుగా ఇచ్చింది నా జుట్టును కాదు. తన మధ్యాహ్నాలను. ఏడుపొచ్చింది, అక్కడే ఏడ్చాను. అత్త చేతులు చింతపండుతో జిగటగా ఉన్నాయి కాబట్టి మోచేత్తో నా భుజం తట్టింది.

"మూడు కత్తెరలు వద్దు. గుండే" అన్నాను.

అప్పుడు మొదలుపెట్టింది ఆమె. వద్దు, పిచ్చిదానా, ఉద్యోగం పోతాది, ఆ బెంగుళూరు పిల్ల చెప్పింది గదా, సామికి నేను సర్దిచెప్పుకుంటాలే, అని సగం అరవంలో రాగం తీసింది. మా ఆయన కూడా భయపడ్డాడు. "విమానాశ్రయంలో ఆపేస్తే?" అన్నాడు. ఆపేస్తే తిరిగొస్తాను, మా ఇంటికే గదా వచ్చేది, అన్నాను. ధైర్యంగా అన్నానే గానీ భయం నాకూ ఉంది. రెండేళ్ళు కష్టపడి నేర్చుకున్న భాష, తెచ్చుకున్న వీసా, అన్నీ ఒక గుండుకు ఒడ్డుతున్నాను. అయినా ఆ మాట వెనక్కి తీసుకోవాలని అనిపించలేదు.

శుక్రవారం తెల్లారి బస్సెక్కి కొండకు పోయాం. కల్యాణకట్టలో ఆడవాళ్ళకు ఆడవాళ్ళే గుండు చేస్తారు. జడ అత్తే విప్పింది. దువ్వడం మానేశాక దాన్ని ఆమె ముట్టుకోవడం అదే మొదలు. నీళ్ళు చల్లి, జుట్టును రెండు ముడులుగా వేసి, క్షవరం చేసే ఆవిడ "తల వంచమ్మా" అంది. వంచాను. ముడులు ఒళ్ళో పడ్డాయి. నేననుకున్నంత బాధ కలగలేదు. చల్లగా ఉంది, అంతే. అత్త వైపు చూస్తే ఆమె "గోవిందా" అంటూ కళ్ళు తుడుచుకుంటోంది.

ఆ మరునాటి నుంచి మా మధ్యాహ్నాలు తిరిగొచ్చాయి. గుండుకు దువ్వెన అక్కర్లేదు గానీ గంధం కావాలి, నూనె కావాలి. అత్త గడప మీద కూర్చుని అరచేత్తో నా తలంతా నిమిరేది. పన్నెండేళ్ళలో జుట్టు అడ్డం లేకుండా ఆమె అరచేయి నా తలకు తగలడం అప్పుడే. గరుకు చేయి. రోళ్ళూ రోకళ్ళూ పట్టిన చేయి. ఆ చేయి కింద కళ్ళు మూసుకుని కూర్చున్న ఆ కొద్ది రోజుల కంటే సుఖంగా నేనెప్పుడూ లేను. ఇట్లాంటి ఇంటికి కోడలిగా వచ్చినందుకు, ఆ సంగతి పోయేలోపలే తెలిసినందుకు, నా అదృష్టానికి నాకే ఆశ్చర్యం వేసేది.

ప్రయాణం రోజు ఇద్దరూ చెన్నై దాకా వచ్చారు. లోపలికి వాళ్ళను రానివ్వరు. అత్త గాజు తలుపు బయట నిలబడి, నన్ను ఆపుతారేమోనని మెడ చాపి చూస్తోంది. ఇమ్మిగ్రేషన్ దగ్గర నా వంతు వచ్చింది. ఏం చెప్పాలో ఇంగ్లీషులో ఒకసారి, జర్మన్‌లో ఒకసారి బట్టీపట్టి పెట్టుకున్నాను. అధికారి పాస్‌పోర్టు చూశాడు. నా తల చూశాడు. మళ్ళీ ఫోటో చూశాడు. బట్టీపట్టింది మొదలుపెట్టబోయాను.

"తిరుపతియా?" అన్నాడు.

"ఆమా" అన్నాను, అత్త అరవంలోనే, తల ఊపుతూ.

ముద్ర కొట్టి పాస్‌పోర్టు చేతిలో పెట్టాడు. బట్టీపట్టిందంతా నా దగ్గరే మిగిలిపోయింది.

లోపలికి పోగానే అత్తకు ఫోన్ చేశాను. జరిగింది చెబితే మొదట నవ్వింది. తర్వాత అదంతా పక్కనున్న కొడుక్కు చెప్పసాగింది. బయట కార్ల హారన్లు వినిపిస్తున్నాయి. నన్ను మరిచిపోయిందేమో అనుకున్నాను.

"అత్తా?"

"ఉండాను. నువ్వొచ్చేటప్పటికి భుజాల దాకా వస్తాది గదా?"

"వస్తుంది."

"ఆడ కత్తిరించబాకు. ఈసారి దాన్ని ఏ సామికీ మొక్కను" అంది మా అత్త. "అది నాకే."