స్పోర్ట్స్ బార్ కప్పు కింద

గోదావరిఖనిలో స్పోర్ట్స్ బార్ వస్తోందని రెండువేల పదకొండు మొదట్లో ఊరంతా చెప్పుకున్నారు. యజమాని సదానందం పాత మేడ ఒకటి తీసుకున్నాడు. హైదరాబాద్ డిజైనర్ గీసిన బొమ్మలో గోడ నిండా తెర, బంతుల్లాంటి ఎర్ర దీపాలు, పచ్చిక రంగు తివాచీ. ఏ మూల కూర్చున్నా ఆట కనబడాలని నడిమి గోడ కూల్చేశారు. ఫాల్స్ సీలింగ్ పని లింగమూర్తికి వచ్చింది.

లింగమూర్తి పన్నెండేళ్లు బొగ్గుబాయిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టినవాడు. ఒక షిఫ్టులో పక్కనున్న సదయ్య మీద బండ పడింది. మళ్లీ దిగడానికి కాళ్లు రాక వీఆర్‌ఎస్ తీసుకుని ఈ పని నేర్చుకున్నాడు.

మూడోరోజు శ్లాబును సుత్తితో తట్టి చూశాడు. గోడ ఉండిన చోట డొల్లగా పలికింది. నిజంగానే పలికిందా, తన పాత భయమేనా అన్నది తేలలేదు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగుకు ఊరు రోజూ అదిరేదే. ఆవేళ మాత్రం పిడికెడు సున్నం అతని భుజం మీద రాలింది.

సదానందంతో చెప్పాడు.

"ఇది బాయి కాదు కాక. ముప్పయి ఏండ్ల సంది నిలవడ్డ బిల్డింగు."

"గోడ తీసి నెలైంది గదా సేటు. బరువు యాడికి పోయింది?"

సదానందం డిజైనర్‌కు ఫోను చేశాడు. తెరకు అడ్డంగా స్తంభం పెడితే అందం పోతుందని అతను చెప్పాడట.

పని వదిలెయ్యమంది భార్య సంధ్యారాణి. తను వదిలితే ఇంకొకడొచ్చి బోర్డులు బిగిస్తాడు, శ్లాబు కనబడదు, దాని కింద వందమంది కూర్చుంటారు. లింగమూర్తికి అదే ఎక్కువ భయమేసింది.

మర్నాడు మూడు జామాయిలు దుంగలు తెచ్చి గోడ ఉండిన చోట, తెరకు అడ్డంగానే నిలబెట్టి, పైన చెక్కలు కొట్టి బిగించాడు. మధ్యాహ్నం సదానందం వచ్చి తియ్యమన్నాడు.

"నేను తియ్య సేటు." సుత్తి కింద పెట్టేశాడు. "తీసుడైతే నువ్వే తియ్యి."

సదానందం దుంగ మీద చెయ్యి వేశాడు. అప్పుడే బ్లాస్టింగైంది. పైన చిటపటమంది. లింగమూర్తి అతని చొక్కా పట్టుకుని వాకిలి దాకా ఈడ్చాడు. వైర్లు లాగుతున్న ముఖీత్ నిచ్చెన మీది నుంచి దూకి వాళ్ల వెనకే ఉరికాడు. మంచమంత పెచ్చు నిచ్చెన మీద పడింది. ఒక దుంగ విల్లులా వంగింది గాని కప్పు ఆగింది.

వారంలోపే ఇంజినీరు వచ్చాడు. ఇనుప దూలం, మూడు స్తంభాలు పడ్డాయి. వరల్డ్ కప్పు అయిపోయాక గాని బార్ తెరవలేదు. స్తంభాలకు వికెట్ల రంగు వేయిస్తే జనం వాటి పక్కన నిలబడి ఫోటోలు దిగారు.

సదానందం పిలిస్తే లింగమూర్తి ఒక్కసారి వెళ్లాడు. తలుపు పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. తెర మీద సిక్సర్ పడి అందరూ కేకలేస్తుంటే, అతని చూపు తను బిగించిన బోర్డుల మీదే ఉంది. బాగలేదా కాక అని సదానందం అడిగాడు. మంచిగుందని చెప్పి, బిర్యానీ సగంలో వదిలేసి బయటికొచ్చాడు.