సరోజమ్మ చెంప

మా మనవరాలు స్నేహ నిన్న ఒక చిన్న గాజు డబ్బా మూత తీసింది. వంటింట్లో చింతపండు పిసుకుతున్న నాకు ఆ వాసన గడప దాటి వచ్చి తగిలింది. గులాబీ నీళ్లు, గ్లిజరిన్, వాటి అడుగున కాస్త మైనం కరిగిన వాసన. డబ్బా మీద ఏ దేశపు అక్షరాలో ఉన్నాయి గానీ, వాసన మాత్రం నంద్యాలదే. చెయ్యి కడుక్కోవాలని కూడా తోచక ఎడమ చెంప తడుముకున్నాను. చెంపంతా చింతపండు గుజ్జయింది. స్నేహ చూసి నవ్వింది. నేనూ నవ్వాను, కానీ నాకు నవ్వు రాలేదు.

ఆ వాసన సరోజమ్మది. డెబ్బైల చివర్లో నంద్యాల గాంధీ చౌకు దగ్గరి ఒక సందులో ఆమె ఫ్యాన్సీ అంగడి నడిపేది. గాజులు, రిబ్బన్లు, తిలకం సీసాలు, పౌడరు డబ్బాలు అన్ని అంగళ్లలోనూ దొరికేవే. ఆమె అంగట్లో మాత్రమే దొరికేది మొటిమల స్నో, మొహానికి పూసుకునే తెల్ల క్రీము. అది ఆమే సొంతంగా, అంగడి వెనక ఉన్న వంటగదిలో కాచేది. నన్ను మనిషిని చేసింది ఎవరని అడిగితే న్యాయంగా ఆమె పేరే చెప్పాలి. నా మొహాన్ని పాడుచేసింది ఎవరని అడిగినా ఆ పేరే చెప్పాలి. ఒకే మనిషికి దణ్ణమూ శాపనార్థాలూ రెండూ పెట్టడం ఎట్లాగో నాకు ఇప్పటికీ చేతకాలేదు.

మాది ఆళ్లగడ్డ. మా నాయన చిన్నబడి అయ్యవారు. పద్నాలుగో ఏట మొదలయ్యాయి నాకు మొటిమలు. అందరికీ వచ్చేవే అన్నారు, కానీ నా తోలు అందరి తోలు కాదు. పసుపు పూస్తే మండేది, నిమ్మకాయ రుద్దితే కందిపోయేది, జాజికాయ అరగదీసి పెడితే పొద్దున్నకు పొక్కులు లేచేవి. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఒక మొటిమకు మందు వేస్తే చుట్టూ పది లేచేవి. ఒంట్లో వేడి అన్నారు. బనగానపల్లె మామిడిపండ్లు దిగే కాలంలో ఇంటిల్లిపాదీ జుర్రుకుంటుంటే నాకు మజ్జిగన్నం పెట్టి కూర్చోబెట్టేవాళ్లు. పండు మానినా మొటిమలు మానలేదు. ఎవరో ఒకావిడ తన చంటిబిడ్డను నా ఒళ్లోంచి తీసుకుపోయి, "అంటుకుంటాదేమో" అంది, నేను వింటుండగానే.

నాకు ఉన్నది ఒకే ఆశ. మా గుడిలో క్రిస్మస్ ఆరాధనకు ఒక పాట ఒంటి గొంతుతో పాడించేవాళ్లు. నా గొంతు బాగుండేది. ఆ మాట చెప్పేవాళ్లు పోయారు కాబట్టి నేనే చెప్పుకోవాలి. ముందు నిలబడి, కొంగు మొహం మీదకు లాక్కోకుండా ఆ పాట పాడాలని ఉండేది. పదో తరగతి తప్పి, నంద్యాలలో మా పిన్నమ్మ ఇంటికి వచ్చి, మళ్లీ పరీక్షకు చదువుకుంటూ పగలు సరోజమ్మ అంగట్లో పనికి కుదిరినప్పుడు కూడా నా మనసంతా ఆ పాట మీదే ఉండేది.

మొదటి రోజు ఆమె నా గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పింది. "ఏమ్మే, మొగం అట్ల దాచుకుంటే గాలి యాడ తగుల్తాది? కొంగు తీయ్" అంది. వట్టి వేళ్లతో రెండు చెంపలూ తడిమింది. మా అమ్మ కూడా తడిగుడ్డతో తుడిచేదే తప్ప వేలు పెట్టేది కాదు. సరోజమ్మ వేళ్లు చల్లగా, మెత్తగా ఉన్నాయి. అక్కడే, రిబ్బన్ల చుట్టల మధ్య, నాకు ఏడుపు వచ్చింది. ఆమె పట్టించుకోలేదు. "ఏడిస్తే ఉప్పునీళ్లు తగిలి మండుతాది, ఊరుకో" అని మాత్రం అంది.

తర్వాత వారానికి స్నో కాచింది. తెల్లటి మైనంలాంటి ముక్కలు కరిగించి, గ్లిజరిన్, గులాబీ నీళ్లు పోసి, మందుల అంగడి నుంచి తెచ్చిన ఒక పొట్లం విప్పి కలిపింది. అదేమిటని అడిగితే, "నీకు చెప్తే రేపు నువ్వే అంగడి పెడ్తావ్" అని నవ్వింది. వేలితో తీసి నా ఎడమ చెంపకు పూసింది. కుడి చెంప కూడా చూపించబోతే చేత్తో పక్కకు నెట్టింది.

"ఈ చెంప నాది, ఆ చెంప నీది. నా చెంపకు నేను పూస్తా. నీ చెంపకు నువ్వేం పూయొద్దు, దేవునికి ఇడిసిపెట్టు. రెండిటికీ పూస్తే మందు గుణం ఎట్ల తెలుస్తాది?"

"క్రిస్మస్ లోపల తగ్గుతాదా అక్కా?"

"క్రిస్మస్ యాడుండాది, ఇది ఆషాఢమాసం గదా. అప్పటికి రెండు పక్కలా నున్నగ చేసి పంపిస్తా. పాడుకుందువులే."

అరచేతిలో వైకుంఠం చూపించడమంటారు. మాకు వైకుంఠం లేదు కాబట్టి ఆమె నాకు పరలోకం చూపించింది.

అంగడిలో ఆమె పనితీరు చూస్తే ఎవరికైనా నమ్మకం కుదిరేది. ఎవరు స్నో అడిగినా వెంటనే అమ్మేది కాదు. వాళ్ల చెయ్యి తిప్పి మోచేతి మడతలో చిటికెడు పూసి, "రేపటిదాకా నీళ్లు తగలనీకు. దురద పెట్టకుంటే, ఎర్రబడకుంటే వచ్చి కొనుక్కో. మొగం ఒకటే ఉండాది మనిషికి" అని పంపించేది. వచ్చినవాళ్లను కూర్చోబెట్టడం, వయసుకు తగ్గ వరస పెట్టి పిలవడం, వద్దన్నవాళ్లను వదిలెయ్యడం, కళ్లల్లోకి చూసి మాట్లాడడం, అన్నీ ఆమెను చూసే నేర్చుకున్నాను. ఆళ్లగడ్డలో తల వంచుకుని నడిచిన పిల్లను ఆమె అంగట్లో తల ఎత్తాను. కాకపోతే నాకు ఏ రోజూ మోచేతి మడతలో పూయలేదు. కొత్తగా కాచిన స్నో ప్రతిసారీ నేరుగా చెంపకే. నమ్మితే అంతేనేమో అనుకున్నాను.

వానలు వెనకపట్టేసరికి నా ఎడమ చెంప ఉడికిన చిలగడదుంపలా అయింది. పూసిన రాత్రి మంట, పొద్దున్నకు పొట్టు, ఆ పొట్టు కింద చీము. "లోపలి చెడు బయటికి వస్తాంది. మంచిదే" అనేది సరోజమ్మ. కుడి చెంప మాత్రం ఒట్టి నీళ్లు తప్ప ఏమీ ఎరగకుండా, తనంతట తానే మెల్లగా తేరుకుంటూ వచ్చింది. అది చూపించి అడిగితే, "దేవుడు నిదానంగా చేస్తాడు, మందు తొందరగా చేస్తాది. తొందరగా చేసేదానికి నొప్పి ఎక్కువ" అంది. ఆ మాట నాకు చాలా గొప్పగా తోచింది. మా గుడిలో చెప్పినా బాగుండేదనుకున్నాను.

ఆమెకు పద్మ అని కూతురు ఉండేది, నాకంటే రెండేళ్లు చిన్న. ఆ పిల్లకూ నుదుటి మీద నాలుగు మొటిమలు లేచాయి. ఒకరోజు బడి నుంచి వచ్చి, చల్లారబెట్టిన డబ్బాలోంచి ఇంత స్నో తీసి నుదుటికి రాసుకుంది. సరోజమ్మ చేతిలోని కొలతబద్ద పారేసి పరుగెత్తింది. పిల్ల జుట్టు పట్టుకుని తొట్టి దగ్గరికి ఈడ్చి, శనగపిండితో మళ్లీ మళ్లీ కడిగింది. "ఇంకోసారి దీన్ని ముట్టుకుంటే చేతులిరుస్తా" అంది. నేను అక్కడే నీళ్లు అందిస్తూ నిలబడ్డాను. చిన్నపిల్ల కదా, తట్టుకోలేదని కడుగుతోందేమో అని సర్దిచెప్పుకున్నాను. మనిషి నమ్మాలని కూర్చుంటే ఎదురుగా జరిగేది కూడా కనబడదు.

గిరాకీ గట్టిగా ఉన్నప్పుడు సరోజమ్మ నన్ను వెనక గదిలోంచి పిలిచేది. "కృపా, ఒకసారొచ్చి మొగం చూపీ." నేను వచ్చి ఇటు ఒకసారి, అటు ఒకసారి తిరిగేదాన్ని. వాళ్లు చూసి తలలు ఊపేవాళ్లు. నన్ను మళ్లీ లోపలికి పంపేది. నేను వెళ్లిన తర్వాత ఏం చెప్పేదో నాకు తెలియదు. బాగా అమ్ముడుపోయేది, అది మాత్రం తెలుసు.

క్రిస్మస్ దగ్గర పడినప్పుడు ఒక మధ్యాహ్నం సోడాలు తేవడానికి సందు చివరికి వెళ్లాను. మా ఆళ్లగడ్డ గుడికి వచ్చే దీనమ్మత్త బట్టల మూటతో ఎదురైంది. సంచిలో సరోజమ్మ డబ్బాలు రెండు ఉన్నాయి.

"ఏమ్మే కృపా, నీకేమన్నా తిక్కనా?" అంది. "ఒక చెంపకు పూసుకొని ఇంకోదాన్ని అట్ల ఇడిసిపెట్టినావే."

"ఏంది అత్తా?"

"అంగడామె చెప్పింది లే. కుడిపక్క రోజూ స్నో పూస్తావంట, అందుకే అట్ల నున్నగయిందంట. ఎడమపక్క ఏమీ పూయకపోతే ఇట్లుంటాదని చూపిచ్చేదానికి పెట్టుకున్నావంట. అంగట్లో కూలి కోసరం మొగం పాడుచేసుకుంటారామే ఎవరన్నా? దానికీ ఇంత పూసుకో."

నేను సోడాలు పట్టుకుని తిరిగి వచ్చాను. సరోజమ్మ ఎవరికో రిబ్బను మూరలు కొలుస్తోంది. ఆ గిరాకీ పోయేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.

"నువ్వు పూసింది ఎడమకు గదా అక్కా. కుడికని చెప్పినావంట."

ఆమె రిబ్బను చుట్ట చుడుతూనే ఉంది. "అబద్ధం ఏముండాది దాంట్లో? రెండు చెంపలూ నీవే గదా. నేనేమన్నా నున్నటి చెంప ఎవరి దగ్గరన్నా అరువు తెచ్చి చూపిస్తినా?"

"మరి ఇది ఎప్పటికి బాగయ్యేది?"

అప్పుడు తలెత్తి చూసింది. కోపం లేదు, సిగ్గూ లేదు. లెక్క రాని పిల్లకు లెక్క చెప్పే అయ్యవారిలా ఓపిగ్గా చెప్పింది. "అది బాగయితే దేని పక్కన పెట్టి దేన్ని చూపియ్యాలమే? రెండూ నున్నగుంటే, ఈ పిల్ల పుట్టుకే అంత అంటారు. ఎవరు కొంటారు?"

పద్మ నుదుటిని ఆమె అంత కంగారుగా ఎందుకు కడిగిందో నాకు అప్పుడు అర్థమైంది. సోడాలు బల్ల మీద పెట్టాను. అక్కడి నుంచి నేరుగా పిన్నమ్మ ఇంటికి పోయి నా సంచి సర్దుకున్నాను. అనాల్సింది చాలా ఉందని ఆళ్లగడ్డ బస్సు ఎక్కాక తోచింది. తిట్లన్నీ బస్సులో, కిటికీ వైపు తిరిగి, నాలోనే తిట్టుకున్నాను.

ఇంటికి వచ్చాక ఒట్టి నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. కానీ పండుగకు ముందు మానే గాయాలు కావవి. గుడిలో పాట అభ్యాసం రోజు పాస్టరమ్మగారు నన్ను పక్కకు పిలిచింది. చాలా మంచిది ఆమె, నొప్పించకుండా మాట్లాడేది. "కృపమ్మా, ఈ ఏడుకు నువ్వు వెనక నిలబడి పాడు తల్లీ. గొంతు వినపడితే చాలు గదా" అంది. వెనకే నిలబడి పాడాను. నా ముందు నిలబడిన పిల్ల ఎవరో గుర్తు లేదు. ఆమె జడకు కట్టిన ఎర్ర రిబ్బను గుర్తుంది, అది మా అంగట్లోదే. మరుసటి ఏడు నన్ను ముందు నిలబడమన్నారు. అప్పటికి గాయాలు మాని గుంతలు మిగిలాయి. వద్దన్నాను. ఆ తర్వాత అడగడం మానేశారు.

పెళ్లయ్యాక ఎనభైలలో ఆళ్లగడ్డలోనే చిన్న ఫ్యాన్సీ అంగడి పెట్టాను. కూర్చోబెట్టడం, వరస పెట్టి పిలవడం, మోచేతి మడతలో పూసి చూడమనడం, అంతా సరోజమ్మ చదువే. ఆ చదువే మా పిల్లలకు అన్నం పెట్టింది. మొటిమలకు మాత్రం ఏదీ అమ్మలేదు. సరుకు కోసం నంద్యాల వెళ్లినప్పుడు ఒకసారి బస్టాండులో ఆమె ఎదురైంది. జుట్టు నెరిసింది, చూపు తగ్గింది. గొంతు విని గుర్తుపట్టి, నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. వేళ్లు అప్పటిలాగే చల్లగా ఉన్నాయి.

"గుంతలు పడినాయే. ఇంకో రెండు నెల్లు నా మాట ఇనుంటే నున్నగయ్యేది" అంది.

ఏళ్ల తరబడి దాచుకున్న తిట్లు అన్నీ నాలుక మీదే ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. అంతకంటే చేదు మాట చెబుతాను. ఆమె చెయ్యి తీసేసేదాకా నేను మొహం వెనక్కి తీసుకోలేదు. ఆ గుంతల మీద అంత సులువుగా చెయ్యి వేసినవాళ్లు, నా భర్తతో సహా, ఎవరూ లేరు. అసహ్యించుకోవడానికి కూడా ఆమె నాకు పూర్తిగా దక్కలేదు.

నిన్న స్నేహ డబ్బాలో వేలు ముంచి చెంప దాకా తీసుకుపోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ పిల్లకూ నా తోలే వచ్చింది. మోచేతి మడతలో చిటికెడు పూసి, "రేపటిదాకా నీళ్లు తగలనీకు. మొగం ఒకటే ఉండాది మనిషికి" అన్నాను.

"ఎవరు చెప్పినారవ్వా నీకు ఇది?"

"నేను పనిచేసిన అంగడామె."

"మంచామె గదా. నీకూ ఇట్లే పూసి చూసేదా?"

"గిరాకీలకు పూసి చూసేదిలే" అన్నాను.

పిల్లకు అర్థం కాలేదు. ఈ రోజు పొద్దున మోచెయ్యి చూపించింది, ఎర్రగా దద్దురు లేచింది. డబ్బా తీసుకుపోయి పెంటలో పారేసి వచ్చి, సంతోషంగా ముద్దు పెట్టడానికి నా మొహం మీదకు వంగింది. ఎప్పటిలాగే కుడి చెంప ఇచ్చాను. ఎడమది సరోజమ్మది.