తిబెయోస్ ఉలి

ఏథెన్స్ అంగడిలో తిబెయోస్ పదహారేళ్లుగా వెండి నాణేలు పరీక్షిస్తున్నాడు. అతను నగరపు బానిస. అంతకుముందు లౌరియోన్ గనుల్లో, నిటారుగా నిలబడే చోటు లేని సొరంగాల్లో వెండి తవ్వాడు. ఆ వెండే ఇప్పుడు గుడ్లగూబ బొమ్మ ఉన్న నాణేలుగా, సంచీకి బదులు జనం బుగ్గల్లో దాచుకుని తెస్తే, అతని బల్ల మీదికి వస్తుంది. మంచిదైతే తిరిగి ఇచ్చేస్తాడు. లోపల రాగి ఉందనిపిస్తే ఉలితో నరుకుతాడు. తప్పు చేస్తే యాభై కొరడా దెబ్బలు. చూపు తగ్గిందని తెలిస్తే మళ్లీ గని.

ఈ చలికాలం నుంచి అతనికి నాణెం మీది గుడ్లగూబ కళ్లు కనబడటం లేదు. ఎవరికీ చెప్పలేదు.

ఆ ఉదయం రొట్టెలమ్మే మిర్తలే ఒక నాణెం తెచ్చింది. వెనకే తోళ్ల పనివాడు ఖ్రెమోన్ వచ్చాడు.

"చూడు తాతా. ఈయన బుగ్గలోంచి తీసిచ్చాడు. నాకు నచ్చలేదు."

"నచ్చడానికి అదేమన్నా పెళ్లికొడుకా?" అన్నాడు ఖ్రెమోన్.

"పెళ్లికొడుకైనా ఇంత కంపు కొట్టడు."

తిబెయోస్ నాణేన్ని రాతి మీద వేశాడు. అంగడి గోలలో మోత తేలలేదు. వేలితో తడిమాడు. అంచున కొంచెం గరుకు. కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు. మసక.

"ఏరా, ముద్దు పెట్టుకుంటావా? కళ్లు కనబడకపోతే చెప్పు, అధికారుల్ని పిలుస్తా," అన్నాడు ఖ్రెమోన్.

తిబెయోస్ ఉలి తీశాడు. మళ్లీ కింద పెట్టాడు.

"అయ్యా, దీన్ని నోట్లో ఎప్పుడు వేసుకున్నారు?"

"పొద్దున బయల్దేరేటప్పుడు."

"ఏమన్నా తిన్నారా?"

"ఏం తింటాను. అప్పట్నుంచీ నోరంతా చేదు. పైత్యం అనుకున్నా."

వెండికి రుచి ఉండదు. రాగికే చేదు. తిబెయోస్ ఉలి ఆనించి సుత్తి దించాడు. నాణెం రెండుగా విచ్చింది. అతను దానివైపు చూడలేదు.

"ఎలా ఉందమ్మా?"

మిర్తలే నాణెం వైపు చూసింది, తర్వాత అతని కళ్లవైపు.

"ఎర్రగా ఉంది తాతా. రాగే."

ఖ్రెమోన్ నాలుకతో బుగ్గ తడుముకున్నాడు. "అయితే నాకు పైత్యం లేనట్టేనా?" అని గొణుక్కుంటూ వెళ్లాడు. అతను కొన్న రొట్టె మిర్తలే చేతిలోనే ఉండిపోయింది. సగం విరిచి తిబెయోస్ ముందు పెట్టింది. ఉలి పక్కన పెట్టి అతను తిన్నాడు.

మర్నాటి నుంచి, నాణెం తెచ్చిన ప్రతివాణ్నీ ముందు ఒకటే అడిగేవాడు: "నోరెలా ఉందయ్యా?"

జనం నవ్వేవారు. నవ్వి, చెప్పేవారు.