లక్ష్మీదేవక్క సోమవారాలు

నిన్న అనంతపురంలో ఒక ఇస్త్రీ బండి పక్కగా నడుస్తుంటే, తడిపిన నూలుబట్ట మీద వేడి పెట్టె ఆనించినప్పుడు లేచే ఆవిరి వాసన ముఖానికి తగిలింది. కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. చుట్టూ ఉన్న వీధి మెల్లగా పలచబడి, హిందూపురం దారిలో నేను మొదట పనిచేసిన బట్టల ఫ్యాక్టరీ కళ్ల ముందు తేలింది. పొడవాటి రేకుల షెడ్డు, వందల కుట్టుమిషన్ల హోరు, కిటికీల్లోంచి వాలే ఎండలో నెమ్మదిగా ఎగిరే దూదిపొడి. ఆ వెలుగులో, మెడలో టేపు వేసుకుని, లక్ష్మీదేవక్క.

ఆమె కాలర్లు కుట్టే టైలరు. కార్మికుల కమిటీలో ఆడవాళ్ల తరఫున ఎన్నికైన మనిషి. ప్రతి సోమవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మేనేజరు గదికి వెళ్లేది. చేతిలో కాగితం ఉండేది కాదు. ఏ లైనులో ఫ్యాను తిరగడం లేదో, ఎవరి బిడ్డకు జ్వరమో, ఎవరికి సెలవు కావాలో అంతా తలలోనే. డిగ్రీ అయిన వెంటనే నల్లమాడ నుంచి వచ్చి చేరిన నేను ఆ గది బయట కూర్చునే కంప్యూటరు ఆపరేటర్ని. తలుపు సందులోంచి ఆమె గొంతు వినబడేది. అరిచేది కాదు, బతిమాలేదీ కాదు. ఈ ఏడూ వాన రాలేదని పక్కింటావిడతో అంటున్నట్టు ఉండేది.

ఒక ఏడు ప్రతి మిషనుకూ చిన్న తెర బిగించారు. మిషను నడుస్తుంటే పచ్చ, ఆగితే ఎరుపు. ఎవరు ఎన్ని నిమిషాలు ఆగారో సాయంత్రానికల్లా నా కంప్యూటరులోకి వచ్చేది. దాంతోపాటే ఫిర్యాదులకు ఒక యాప్, దాన్ని చూసుకునే పని కూడా నాకే ఇచ్చారు. “ఇక సోమవారం మీటింగులు అక్కర్లేదు. ఎవరి కష్టం వాళ్లే ఫోనులో రాసుకోవచ్చు” అన్నారు మేనేజరు సారు. మొదటి నెల ఒక్క ఫిర్యాదూ రాలేదు. సారు నన్ను మెచ్చుకున్నారు. ఆ సంబరం ఆపుకోలేక క్యాంటీను దగ్గర లక్ష్మీదేవక్కతో చెప్పాను. ఆమె దూరపు గుట్టల మీద పొగలా కదులుతున్న ఎర్రదుమ్మును చూస్తూ అంది.

“ఎవురు రాస్తారు పాపా? రాస్తే పైన పేరు పడతాది గదా. సగం మందికి ఫోను మొగుడి జేబులో ఉండాది. కష్టాలు లేవనుకుంటాండావు నువ్వు. చెప్పుకునే చోటు లేకపాయ, అంతే.”

ఆ తర్వాత కొన్నాళ్లకే మూడో లైనులోని షబానాను పని మానిపిస్తున్నట్టు నోటీసు తయారైంది. ఎర్ర నిమిషాలు ఎక్కువ పడ్డాయట. ఆ నోటీసు టైపు చేసింది నేనే. కటింగు విభాగం నుంచి గుడ్డముక్కలు ఆలస్యంగా రావడంవల్లే ఆ లైను ఆగేదని నాకు తెలుసు. మిషను ఎందుకు ఆగిందో ఆ తెర మీద చెప్పుకునే వీలు లేదు. లక్ష్మీదేవక్క నా బల్ల దగ్గరికి వచ్చింది.

“లోపలికి పోతాండా పాపా. నీకు తెలిసింది ఆడ చెప్తావా?”

“నా ఉద్యోగం పోతుందేమో అక్కా” అన్నాను తల వంచుకుని.

“సరేలేమ్మా. బలవంతం లేదు” అని భుజం తట్టి ఒక్కతే లోపలికి వెళ్లింది. తిట్టి ఉంటే బాగుండేది.

“సిస్టమ్ అబద్ధం చెప్పదు కదమ్మా” అంటున్నారు సారు.

“అబద్ధమనలేదు సారూ. సగమే చెప్తాండాది అంటాండా.”

నేనెలా లేచానో ఇప్పటికీ గుర్తులేదు. మిషన్ల హోరు నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టుంది. కలలో నడిచినట్టు నడిచి లోపలికి వెళ్లాను. “సార్, కటింగు వాళ్ల రిజిస్టరు, ఈ ఎర్ర నిమిషాలు పక్కపక్కన పెట్టి చూడండి” అన్నాను. సారు రిజిస్టరు తెప్పించారు. పేజీలు తిప్పారు. ముఖం ఎర్రబడింది.

“ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?”

జవాబు లక్ష్మీదేవక్క ఇచ్చింది. “చెప్పుకునే సోమవారం తీసేస్తిరి గదా సారూ.”

నోటీసు వెనక్కి తీసుకున్నారు. సోమవారాలు తిరిగి వచ్చాయి. ముక్కలు రాకపోతే నొక్కడానికి తెర మీద ఒక మీట పెట్టారు. అన్నీ మారలేదు. ఎర్ర నిమిషాల లెక్క అలాగే ఉంది, సారు నాతో మాట్లాడటం బాగా తగ్గించారు. కొన్నేళ్లకు లక్ష్మీదేవక్క చూపు మందగించి, సూదిలో దారం ఎక్కించలేక, యాడికిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లే రోజు గేటు దాకా నడుస్తూ అడిగాను, ఆ రోజు నన్నెందుకు తిట్టలేదని.

“భయపడేటోళ్ల కోసమే గదా నన్ను ఎన్నుకున్నేది. నిన్నెట్ల తిడతా?” అని నవ్వింది.

ఇప్పుడు నేను మరో కంపెనీలో సిబ్బంది వ్యవహారాలు చూస్తున్నాను. కొత్త యంత్రాలు, కొత్త యాప్‌లు అమ్మేవాళ్లు వస్తూనే ఉంటారు. ప్రొజెక్టరుతో గోడ మీద రంగురంగుల బొమ్మలన్నీ చూపించి, సందేహాలేమైనా ఉన్నాయా మేడమ్ అంటారు. “ఇది ఒక మనిషి గురించి తప్పు చెబితే, ఆ మనిషి ఎవరి దగ్గరికి వెళ్లి చెప్పుకోవాలి?” అని అడుగుతాను. జవాబుగా ఒక మనిషి పేరు చెప్పేదాకా నేను సంతకం పెట్టను.