నిలిపిన నీళ్లు

ముప్పై ఏళ్లుగా కాలవ లాకుల దగ్గర పనిచేస్తున్నాడాయన. నీళ్లు తగ్గితే బావమరిది సరుకుల పడవ బురదలో కూరుకుపోతుందని, మూడు రోజులుగా తలుపులు దించి నీళ్లు నిలిపాడు. దిగువ రైతులు నానా తిట్లు తిట్టినా తలుపులు ఎత్తలేదు. జ్వరం తగ్గగానే పడవ తెస్తానని బావమరిది కబురు పంపాడు మరి.

నాలుగో రోజు, అతన్ని ఒకసారి చూసొద్దామని గట్టు వెంబడి నడిచాడు. పాత సంతవీధి దాటి రైలుకట్ట దగ్గరికి వచ్చేసరికి, బావమరిది నిక్షేపంగా గూడ్సు పెట్టెలోకి బస్తాలు ఎక్కిస్తున్నాడు.

"పడవ అమ్మేశాను బావా. చెబితే బాధపడతావని..."

"జ్వరం చూసిపోదామని వచ్చానురా. బాగానే తగ్గింది."

వెనక్కి వచ్చి తలుపులెత్తాడు. మూడు రోజులు తిట్లు తిని నిలిపిన నీళ్లు, బీడీ కాల్చినంతసేపు కూడా నిలవలేదు.