జాకీల త్రినాథ్ లేపిన బుచ్చమ్మ ఇల్లు

త్రినాథ్ ప్లాస్టిక్ గొట్టం మూతిని బొటనవేలితో మూసి పట్టుకొని, రెండో కొసను కరెంటు స్తంభం మీది పసుపు గీతకు ఆనించమని బంగారయ్యతో చెప్పాడు. నీళ్లు నింపిన ఆ సన్నని గొట్టమే అతని లెవలు. వేలు తీశాడు. నీళ్లు కాసేపు ఊగి, గోడ మీద కిటికీ అంచుకు కాస్త కింద నిలిచాయి. అక్కడ సుద్దతో గీత పెట్టాడు. గడప ఆ గీతకు రెండున్నర అడుగుల దిగువన ఉంది.

"అయితే ఇల్లు ములిగిపోయినట్టేరా," అన్నాడు బంగారయ్య స్తంభం దగ్గర్నుంచి.

"వరదొత్తే కదా మావా. రాకముందే మూడడుగులు లేపేద్దాం."

కవిటి దగ్గర, గెడ్డ అని పిలిచే వాగు ఒడ్డునున్న ఆ వీధికి ఆ ఏడాదే కొత్త వరద మ్యాపు వచ్చింది. సచివాలయం గోడకు అతికించారు. పాత మ్యాపులో గెడ్డ వెంట దారంలా ఉన్న నీలిరంగు కొత్తదాంట్లో ఉబ్బి, పల్లపు పొలాలన్నీ మింగి, బంగారయ్య ఇల్లు దాటి వీధి మధ్యకు వచ్చింది. మ్యాపు తప్పని ఎవరూ అనలేదు. పెద్ద తుపానప్పుడు నీళ్లు ఎంతదాకా ఎక్కాయో అందరికీ గుర్తే. నీలంలో ఉన్నవాళ్లను పొమ్మని కూడా అనలేదు. కొత్తగా ఏది కట్టినా, ఉన్న ఇంటికి ఏది కలిపినా, నేల, స్తంభాల మీద వరదమట్టానికి గుర్తుగా వేసిన పసుపు గీతకు పైన ఉండాలన్నారు. పొలంలో ప్లాట్ల రాళ్లు పాతించిన జగన్నాథరావు అమ్మకాలు మానుకొని మళ్లీ వరి వేశాడు. రాళ్లకు గేదెల్ని కట్టేవాడు. గేదెలన్నింటికీ రోడ్డు సైడు సైట్లు దొరికాయని ఊరు నవ్వుకుంది.

బంగారయ్య భార్య బుచ్చమ్మకు మాత్రం నవ్వు రాలేదు. ఇంటికి ఒక గది కలిపి, నలుగురు ఆడవాళ్లను కూర్చోబెట్టి జీడిపిక్కలు ఒలిపించాలని ఆమె ఆలోచన. గీతకు దిగువనున్న ఇంటికి గది కలపడానికి అనుమతి రాదు, అనుమతి లేనిదే బ్యాంకు అప్పివ్వదు. పలాసలో గుమాస్తాగా పనిచేసే తమ్ముడు మనోహర్ వచ్చి, ధర ఇంకా పడిపోకముందే ఇల్లు అమ్మేసి పలాస వచ్చేయమన్నాడు. కొనే మనిషిని కూడా చూసిపెట్టాడు. ఆ ఇంటి ఇటుకలన్నీ ఆమె తన నెత్తిన మోసినవే. ఇల్లు లేపడం కుదరకపోతేనే అమ్ముతానని తమ్ముడికి మాటిచ్చింది.

త్రినాథ్‌ది సుమ్మాదేవి అనే ఊరు. తుపానుకు కొబ్బరితోట పడిపోయాక చెన్నై వెళ్లి, ఉన్న ఇళ్లను జాకీల మీద పైకి లేపే మేస్త్రీ దగ్గర కూలీగా చేరాడు. మొదట ఇటుకలందించాడు, తర్వాత జాకీల కింద మట్టి తవ్వాడు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. గోడ కింద పడుకొని, జాకీ తిరుగుతుంటే బరువు ఎటు జరుగుతుందో చెవితో, చేత్తో తెలుసుకున్నాడు. కొన్నాళ్లకు పాత జాకీలు కొనుక్కొని తిరిగొచ్చాడు. ఎంత ఎత్తు లేపగలవని ఎవరైనా అడిగితే జవాబు చెప్పేవాడు కాదు. ముందు పునాది చూపించమనేవాడు.

వేసవిలో పని మొదలైంది. బుచ్చమ్మ ఇల్లు ఖాళీ చేసి తాళంచెవి త్రినాథ్ చేతికిచ్చింది. గోడల కింద వంతులవారీగా తవ్వి, చానళ్లనే ఇనప దూలాలు దూర్చి, వాటి కింద జాకీలు నిలబెట్టారు. అతను ఈల వేసినప్పుడల్లా అందరూ ఒకేసారి పావు తిప్పు తిప్పాలి. కానీ ఆ ఉదయం ఊరు ఊరంతా ఇంటి చుట్టూ చేరింది. ఇల్లు పునాది నుంచి విడివడి వెంట్రుకవాసి లేచిందో లేదో, వెనకనుంచి ఎవరో "ఐలెస్సా" అన్నారు. ఆ తీరంలో పడవ కదిలినా దుంగ కదిలినా నోటికొచ్చే మాట అది. అంతే, అందరూ అందుకున్నారు. ఈల వినపడలేదు. తూర్పు గోడ దగ్గర జాకీలు పట్టిన నలుగురూ సముద్రంలో వల లాగిన వాళ్లు. కేకకు వాళ్ల చేతులు వాటంతటవే ఊపందుకున్నాయి. గుమ్మం పైమూల గోడ పగిలింది.

త్రినాథ్ పని ఆపించాడు. అందరూ పగులు కేసి చూస్తూ నిలబడ్డారు.

"అప్పా, ఇంక సాలు. గోడలు నిలబడుండగానే ఇల్లు అమ్మీ," అన్నాడు మనోహర్ అక్కతో.

"ఏటి బావా, ఆ పగుల్లోంచి నీకు పలాస కనిపిత్తందేటి?" అన్నాడు బంగారయ్య. అన్నాడే గానీ, అతనూ గుమ్మం కిందనుంచి పక్కకు జరిగాడు.

త్రినాథ్ సన్నని గాజుపలకను పగులుకు అడ్డంగా సిమెంటుతో అతికించాడు. పగులు పెరిగితే ముందు గాజు విరుగుతుంది.

"ఇది ఇరిగితే నానే ఆపేత్తానత్తా. నీకు సెప్పకుండా ఒక్క తిప్పు తిప్పను," అన్నాడు.

నీకు కావలసిందేమిటని బుచ్చమ్మ అడిగింది. అందరి చేతులూ ఒకేసారి, ఒకేలా, నెమ్మదిగా కదలాలన్నాడు. ఈ గోలలో అదెలాగో తనకూ తెలియడం లేదన్నాడు.

"అంతేనేటి? వరి నాటినప్పుడు ఇరవైమందిమి ఒంగుంటాం. ఒకర్ని సూసి ఒకరు నాటతామేటి? పాటను బట్టి నాటతాం."

త్రినాథ్ ఒకసారి పాడి వినిపించమన్నాడు. ఆమె పాడుతుంటే, జాకీ తిప్పే కడ్డీ గాలిలో పట్టుకొని చరణం చివర పావు వంతు తిప్పి చూశాడు. ఇంకాస్త సాగదీయమన్నాడు. మళ్లీ పాడింది. సరిపోయింది.

మర్నాడు గాజు అలాగే ఉంది. బుచ్చమ్మ తనతో నాట్లకొచ్చే ఆడవాళ్లను పిలిచి గట్టు మీద కూర్చోబెట్టింది. ఆమె చరణం అందుకునేది, మిగతావాళ్లు వంత పాడేవాళ్లు. చరణం ముగిసిన చోట జాకీలన్నీ పావు తిప్పు తిరిగేవి. ఎవరి మీద చరణం కడుతుందోనని ఊరంతా చెవులొగ్గింది. మొగుడి గురకను పాడింది, జగన్నాథరావు గేదెల సైట్లను పాడింది. అక్క ఇంటికి బేరం తెచ్చిన తమ్ముడిని కూడా వదల్లేదు. మనోహర్ మొదట తల దించుకున్నాడు, తర్వాత నవ్వాడు, మధ్యాహ్నానికి వంతపాటలో కలిశాడు. నిన్న కేకలేసిన నోళ్లన్నీ వంతకే సరిపోయాయి.

ఇల్లు రోజుకింత లేచింది. లేచినంత మేరా కింద ఇటుకలు కట్టుకుంటూ వచ్చారు. పాటకు చరణాలు అయిపోతే బుచ్చమ్మ పాతవాటినే తిప్పి పాడింది. గాజు విరగలేదు.

చివరిరోజు సచివాలయం ఇంజనీరు వచ్చాడు. త్రినాథ్ మళ్లీ గొట్టం పట్టాడు. నీళ్లు గడపకు అరడుగు కింద నిలిచాయి. ఇంజనీరు వంగి చూసి, బాగుందని చెప్పి, కాగితం మీద సంతకం పెట్టాడు. కొనే మనిషికి ఏం చెప్పమంటావని మనోహర్ అక్కను అడిగాడు.

"ఓపాలి వచ్చి సూసుకోమను. కిందనించే సూడాల," అంది.

త్రినాథ్ మెట్లు వెడల్పుగా, తక్కువ ఎత్తుతో కట్టాడు, నీళ్లబిందెతో ఎక్కినా ఆయాసం రాకుండా. రాబోయే గది గోడ అతుక్కునేలా పక్కగోడలో ఇటుకలను పళ్లలా బయటికి వదిలాడు. జాకీలన్నీ ఆటోకెక్కించాక గుమ్మం దగ్గరికి వచ్చి, గాజుపలకను జాగ్రత్తగా ఊడదీసి, పగులుకు సిమెంటు పూసి, తాపీతో నున్నగా లాగాడు. చేతులు కడుక్కొని, విరగని గాజుపలకనూ ఇంటి తాళంచెవినీ కలిపి బుచ్చమ్మ చేతిలో పెట్టాడు.